బల్లగా మారే బెంచీ: ఏ కిట్ కొనాలి, ఏ చెక్క వాడాలి

డాలస్ దగ్గర ఇల్లు కొన్నాక మా పెరట్లోకి ఇలాంటి బెంచీలు రెండుసార్లు చేశాం. వీపు ఆనించుకునే పలకల్ని తిప్పి అడ్డంగా ఆపితే అదే బల్ల అవుతుంది. అలాంటివి రెండు దగ్గరికి చేరిస్తే రెండువైపులా కూర్చుని తినే పిక్నిక్ టేబుల్ వస్తుంది. మొదటి జత మూడేళ్లు కూడా ఉండలేదు, విప్పి పారేయాల్సి వచ్చింది. రెండో జత ఐదేళ్లుగా ఎండకీ వడగళ్లకీ తట్టుకుని నిలబడింది. రెండిట్లోనూ కిట్ ఒకే రకం. తేడా అంతా చెక్కలో, స్క్రూల్లో, పొడవులో ఉంది. అందుకే ఎవరైనా "ఏ కిట్ మంచిది?" అని అడిగితే కిట్ పేరు ఒక్కటే చెప్పి ఊరుకోలేకపోతున్నాను.

ఇక్కడ అమెరికాలో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది బ్రాకెట్ కిట్. గట్టి ప్లాస్టిక్ లాంటి రెజిన్‌తో చేసిన కాళ్లు, తిరిగే భాగాలు, బోల్టులు డబ్బాలో వస్తాయి. చెక్క మనం కొనుక్కోవాలి. టూ బై ఫోర్ బేసిక్స్ అనే బ్రాండ్ అమ్మే ఫ్లిప్ టాప్ బెంచ్‌టేబుల్ ఈ రకం. దీనికి చెక్కల్ని తిన్నగా కోస్తే చాలు, ఏటవాలు కోతలు ఉండవు. రెండోది చెక్కలన్నీ కోసి, రంధ్రాలు వేసి పంపే కిట్. మనం చేయాల్సింది బిగించుకోవడమే. మూడోది లైఫ్‌టైమ్ కంపెనీ కన్వర్టిబుల్ బెంచ్ లాంటిది. లోహపు ఫ్రేము, దాని మీద ప్లాస్టిక్ పలకలు. వీటికి తోడు ప్లాన్ చూసుకుని అంతా మనమే చేసుకునే దారి ఒకటి ఉంది. చాప్ సా (చెక్కని అడ్డంగా కోసే కరెంటు రంపం) ఉండి, ఏటవాలు కోతలు అలవాటున్నవాళ్లకి అది బాగుంటుంది. మొదటిసారి చేసేవాళ్లు అటు వెళ్లొద్దనే నా సలహా. తిరిగే కీలు దగ్గర రంధ్రం పావు అంగుళం తప్పినా బల్ల ఒకవైపుకి వాలిపోతుంది.

ముందు ఎవరు కూర్చుంటారో చూడండి

మా ఇంట్లో అది బల్లగా మారేది ఏడాదికి పది పన్నెండు సార్లు. పిల్లల పుట్టినరోజులకి, స్నేహితులు వచ్చిన శనివారాలకి, కార్తీక మాసంలో పెరట్లోనే వనభోజనం అనుకున్న రోజుకి. మిగతా రోజులన్నీ అది బెంచీయే. పొద్దున కాఫీకి ఒకరు, సాయంత్రం ఫోన్ మాట్లాడుకుంటూ ఇంకొకరు కూర్చుంటారు. కిట్ బొమ్మల్లో మాత్రం ఎప్పుడూ బల్ల మీద నిమ్మరసం గ్లాసులే కనిపిస్తాయి, మన చూపు అటే పోతుంది. బెంచీగా ఎలా ఉంటుందో చూసి కొనండి.

అంటే ఏం చూడాలి? కూర్చునే చోటు నేల నుంచి 17, 18 అంగుళాల ఎత్తులో ఉంటే పెద్దవాళ్లకి లేవడం సులువు. బల్ల ఎత్తు 28 నుంచి 30 అంగుళాల మధ్య ఉండాలి. ఈ రెండింటి మధ్య తేడా 10 అంగుళాల కంటే బాగా తగ్గితే తొడలు బల్లకి తగులుతాయి. వీపు పలకలు కొంచెం వెనక్కి వాలి ఉన్నాయా, నిట్టనిలువుగా ఉన్నాయా చూడండి. ఈ పలకలే బల్ల కావాలి కాబట్టి కొన్ని డిజైన్లలో వాటిని దాదాపు నిలువుగానే ఉంచేస్తారు. పది నిమిషాలు దాటితే నడుము పట్టేస్తుంది. సీటుకీ వీపు పలకలకీ మధ్య ఖాళీ మరీ ఎక్కువైనా నడుముకి ఆనిక ఉండదు.

ఇంకో సంగతి మా అమ్మ వచ్చాకే నాకు తెలిసింది. అమ్మానాన్న ఒక వేసవికి వచ్చి ఆరు నెలలున్నారు. వచ్చిన వారంలోనే పెరట్లో భోజనం పెట్టాను. అమ్మ బల్ల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. "ఏమే, కాలెత్తి అవతల వేసి కూర్చోవాలా? ఈ చీరతో, ఈ మోకాళ్లతో నావల్ల కాదే" అంది. నిజమే. ఈ రకం చాలా డిజైన్లలో బల్ల సీటుకి వెనకవైపు తెరుచుకుంటుంది. మనం సీటు మీద అటు తిరిగి, కాళ్లు రెండూ సీటు దాటించి కూర్చోవాలి. పిల్లలకి అది ఆట, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం. అప్పటి నుంచి మేం ఒక బెంచీనే బల్లగా తిప్పి, దాని ఎదుటి వైపు రెండు మామూలు కుర్చీలు వేస్తున్నాం. అమ్మకీ నాన్నకీ ఆ కుర్చీలే. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లుంటే జత కొనకండి. ఒక బెంచీ, రెండు కుర్చీలు సరిపోతాయి.

నెలకి రెండు మూడుసార్లు పదిమందికి భోజనం పెట్టే ఇల్లయితే ఈ రకం బెంచీలు అసలు వద్దు. మంచి బెంచీ ఒకటి విడిగా, మడత బల్ల ఒకటి గ్యారేజీలో ఉంచుకుంటే అంతకంటే సుఖం. మారే వస్తువు ఏదైనా చోటు తక్కువ ఉన్నవాళ్ల కోసం పుట్టింది. పెద్ద పెరడున్నవాళ్లకి అది అవసరం లేదు.

పాడయ్యేది కీలు దగ్గరే

ఏ కిట్ అయినా ముందు వదులయ్యేది పలకలు తిరిగే బోల్టు. అక్కడ మామూలు నట్టు వేస్తే తిప్పినప్పుడల్లా కాస్త కాస్తగా ఊడుతుంది. లోపల నైలాన్ ఉంగరం ఉండే లాక్ నట్టు ఉండాలి, రెండువైపులా వెడల్పు వాషర్లు ఉండాలి. నట్టుని మరీ బిగించకూడదు. పలక చేత్తో తిరగాలి, పక్కకి మాత్రం ఊగకూడదు. చిత్రాల్లో లాక్ నట్టు కనిపించకపోతే కిట్ కొన్నా సరే, ఆ నాలుగు నట్లూ విడిగా కొనుక్కోండి.

బల్లగా తిప్పాక దాన్ని పట్టి ఉంచేది ఏమిటో కూడా చూడండి. కొన్నింట్లో పలకల బరువే ఆధారం, ఒక గాడిలో పడి ఆగుతుంది. కొన్నింట్లో పిన్ను ఉంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో పిన్ను ఉన్నదే తీసుకోండి. తిరిగే పలకకీ కాలికీ మధ్య వేలు పడితే బాగా నలుగుతుంది. మా చిన్నదానికి ఒకసారి అలాగే అయింది. గోరు నల్లబడి ఊడి, కొత్తది రావడానికి నెలలు పట్టింది. అప్పటి నుంచి తిప్పే పని పెద్దవాళ్లదే.

దుకాణంలో బిగించి పెట్టిన నమూనా ఉంటే ఒక పరీక్ష చేయండి. బల్లగా తిప్పి, సీటు మీద ఎవరూ లేకుండా, బల్ల చివరి అంచు మీద రెండు చేతులూ పెట్టి బరువు వేయండి. బెంచీ కాళ్లు ఆ అంచు కిందిదాకా వచ్చి ఉంటే కదలదు. రాకపోతే సీటు వైపు లేచిపోతుంది. ఒంటరి బెంచీగా వాడాలనుకునేవాళ్లకి ఈ పరీక్ష మిగతా అన్నిటికంటే ముఖ్యం.

పొడవు దగ్గర ఆశపడకండి

బ్రాకెట్ కిట్‌లో ఉన్న పెద్ద సౌకర్యం, పొడవు మన ఇష్టం. మొదటిసారి ఆ సౌకర్యమే మమ్మల్ని ముంచింది. "ఎలాగూ చేస్తున్నాం, నలుగురు కూర్చునేలా చేద్దాం" అని మా ఆయన 8 అడుగులు చేద్దామన్నారు, నేనూ సరేనన్నాను. కోసే పని కూడా లేదు, దుకాణంలో 8 అడుగుల చెక్కలే దొరుకుతాయి. వేసవి తిరిగేసరికి సీటు మధ్యలో కిందికి దిగింది.

లెక్క ఇది. ఈ బెంచీలకి వాడే చెక్కని టూ బై ఫోర్ (రెండు అంగుళాలు, నాలుగు అంగుళాలు) అని పిలుస్తున్నా దాని అసలు కొలత ఒకటిన్నర అంగుళం మందం, మూడున్నర అంగుళాల వెడల్పు. సీటుకి దాన్ని పడుకోబెట్టి వేస్తాం, అంటే బరువు మోసే మందం ఒకటిన్నర అంగుళమే. ఆధారం రెండు చివర్లలోనే ఉంటుంది. ఒకే బరువుకి చెక్క ఎంత వంగుతుందనేది పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 5 అడుగుల నుంచి 6 అడుగులకి వెళ్తే వంపు దాదాపు 1.7 రెట్లు అవుతుంది. 8 అడుగులకి వెళ్తే నాలుగు రెట్లు దాటుతుంది. పొడవు పెరిగితే కూర్చునేవాళ్లూ పెరుగుతారు కాబట్టి బరువు కూడా ఎక్కువే.

5 అడుగులు చేయండి. ముగ్గురు హాయిగా కూర్చుంటారు. 6 కావాలంటే సీటు కింద సరిగ్గా మధ్యలో అడ్డంగా ఒక ముక్క వేసి, పలకలన్నిటినీ దానికి స్క్రూలతో కలపండి. అప్పుడు ఒక పలక మీద పడిన బరువుని మిగతావీ పంచుకుంటాయి. బల్ల కింద కూడా అలాంటిదే వేస్తే పలకలు మెలి తిరగకుండా ఉంటాయి. 5 అడుగులకి ఇంకో లాభం ఉంది. 10 అడుగుల చెక్క కొంటే సరిగ్గా రెండు ముక్కలు వస్తాయి, వృథా పోదు. హోమ్ డిపో, లోవ్స్ లాంటి చోట్ల చాలా దుకాణాల్లో కోసి ఇస్తారు కాబట్టి కారులో తేవడమూ తేలిక.

ఏ చెక్క

రెండో జతకి మేం వెస్టర్న్ రెడ్ సెడార్ వాడాం. ఇప్పుడు మళ్లీ చేసినా అదే వాడతాను. దాని గుండె చెక్కకి, అంటే చెట్టు నడిమి చేవకి, పుచ్చు పట్టకుండా, పురుగు పట్టకుండా సహజంగానే కొంత శక్తి ఉంటుంది. తేలిక కూడా. 8 అడుగుల టూ బై ఫోర్ ఒక్కోటి దాదాపు మూడు కిలోలు. ట్రీటెడ్ (పుచ్చు పట్టకుండా మందు ఎక్కించిన) సదరన్ పైన్ అయితే ఎండినదే నాలుగున్నర కిలోలుంటుంది, దుకాణంలో తడితడిగా ఉన్నది ఇంకా బరువు. రోజూ జరిపే వస్తువుకి ఈ తేడా చేతికి తెలుస్తుంది. సెడార్ మెత్తన, గోటితో గీస్తే గీత పడుతుంది. ఖరీదు బాగా ఎక్కువ. కొనేటప్పుడు ఎర్రటి గుండె చెక్క ఎక్కువగా ఉన్న ముక్కలు ఏరుకోండి. అంచున తెల్లగా కనిపించే భాగానికి ఆ రక్షణ గుణం ఉండదు.

ట్రీటెడ్ పైన్ చౌక. నేలని తాకే కాళ్లకి అదే మేలు, చెక్క చివర ఉండే ట్యాగు మీద గ్రౌండ్ కాంటాక్ట్ అని ఉన్నది చూసి తీసుకోండి. దాన్ని బల్ల పైభాగానికి వాడటం మాత్రం నాకు నచ్చదు. అందులో రాగి మందు ఉంటుంది. మన పిల్లలు పూరీ ముక్కని బల్ల మీదే పెట్టి తింటారు. వాడితే గుడ్డో, విస్తరో, పళ్లెమో లేకుండా తిండి నేరుగా పెట్టొద్దు. కోసేటప్పుడు మాస్కు పెట్టుకోండి. మిగిలిన ముక్కల్ని బార్బెక్యూలో గానీ చలిమంటలో గానీ ఎప్పుడూ కాల్చకండి.

పాత బెంచీలు సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. 2003 చివరిదాకా ఇళ్లలో వాడే ట్రీటెడ్ చెక్కలో ఆర్సెనిక్ కలిసిన మందు ఉండేది. 2004 నుంచి ఇళ్ల కోసం దాన్ని తయారు చేయడం ఆపేశారు. ఇరవై ఏళ్లు దాటిన, ఆకుపచ్చ ఛాయ ఉన్న పిక్నిక్ టేబుల్ ఎవరైనా ఊరికే ఇస్తామన్నా, చిన్నపిల్లలున్న ఇంటికి తెచ్చుకోకండి.

మా మొదటి జతని నిజంగా పాడు చేసింది పొడవు కంటే కూడా స్క్రూలు. ట్రీటెడ్ పైన్‌కి ఇంట్లో మిగిలిన డ్రైవాల్ స్క్రూలు (లోపలి గోడ పలకలు బిగించేవి) వాడాం. చెక్కలోని రాగి మామూలు ఇనుముని తినేస్తుంది. రెండో ఏడు వానాకాలం తర్వాత సీటు మీద ఎవరో కూర్చోగానే టక్‌మని చప్పుడైంది. విప్పి చూస్తే స్క్రూ తల ఒకవైపు, మొన ఒకవైపు ఉన్నాయి. పక్కవి కూడా సగం తుప్పే. ట్రీటెడ్ చెక్కకి హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత వేసినవి) లేదా స్టెయిన్‌లెస్ స్టీల్ తప్ప ఇంకేవీ వాడకండి. సెడార్‌కి స్టెయిన్‌లెస్సే. మామూలు ఇనుము వాడితే సెడార్‌లోని టానిన్ అనే సహజ పదార్థంతో కలిసి ప్రతి స్క్రూ చుట్టూ నల్లటి మరక దిగుతుంది, ఎంత రుద్దినా పోదు. కిట్‌తో వచ్చిన స్క్రూలు ఏ రకమో డబ్బా మీద రాసి లేకపోతే వాటిని పక్కన పెట్టి కొత్తవి కొనండి. మొత్తం ఖర్చులో అది చిన్న మొత్తమే.

దుకాణంలో చెక్క ఏరేటప్పుడు తొందరపడొద్దు. ఒక చివర కంటి దగ్గర పెట్టుకుని పొడవునా చూస్తే వంపూ మెలికా తెలుస్తాయి. చివర కోత మీద చెట్టు నడిమధ్య వలయం కనిపించే ముక్క ఎండాక మెలి తిరిగే అవకాశం ఎక్కువ, దాన్ని వదిలేయండి. అంచు మీద పెద్ద ముడి ఉన్న ముక్క సీటుకి పనికిరాదు. మేం పది చెక్కల కోసం నలభై తిరగేశాం. తిరగేసినవి మళ్లీ సర్ది పెడితే ఎవరూ ఏమీ అనరు.

మరి మిగతా రెండు రకాలు?

కోసి పంపే కిట్‌కి డ్రిల్లు, పానా ఉంటే చాలు. అపార్ట్‌మెంట్ బాల్కనీకి, టౌన్‌హోమ్ డాబాకి ఇదే సరైంది, కోత పొట్టు దులుపుకునే బాధ ఉండదు. కానీ ఏ చెక్కో తెలియకుండా కొనొద్దు. వివరాల్లో "సాలిడ్ వుడ్" అని మాత్రమే ఉంటే నేను కొనను. చెక్క పేరు చెప్పాలి. స్నేహితులకి ఒకసారి ఇలాంటిది బిగించి ఇచ్చాం. ఒక కాలికి రంధ్రం వేయకుండానే వచ్చింది, కొత్త ముక్క రావడానికి మూడు వారాలు పట్టింది. అందుకే పండక్కో ఫంక్షన్‌కో కావాలంటే నెల ముందే తెప్పించుకుని, తెచ్చిన రోజే పెట్టె విప్పి ముక్కలు లెక్కపెట్టుకోండి.

ప్లాస్టిక్ పలకలది ఒకటే గొప్ప సుఖం, ఏటేటా నూనె పూయక్కర్లేదు. ఇంటిని అద్దెకిచ్చేవాళ్లకి, పని మీద ఊళ్లు తిరిగేవాళ్లకి అది మంచిది. వేలితో గీరితే పొట్టు రాదు, పేళ్లు గుచ్చుకోవు. కానీ టెక్సస్ జూలైలో ముదురు రంగు ప్లాస్టిక్ మీద మధ్యాహ్నం కూర్చోలేం. లేత రంగు తీసుకోండి, నీడలో వేయండి. ఒక పలక పగిలితే హార్డ్‌వేర్ దుకాణంలో అదే పలక దొరకదు. టూ బై ఫోర్ అయితే ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. పదేళ్లు ఉంచుకోవాలనుకుంటే నాకు ఈ ఒక్క కారణం చాలు.

మరకల మాట కూడా చెప్పాలి, మన ఇళ్లలో బల్ల అంటే పప్పూ పులుసూ ఒలుకుతాయి కదా. పసుపు మరకకి టెన్షన్ పడొద్దు. ఎండ తగిలితే కొద్దిరోజుల్లో అదే వెలిసిపోతుంది, ప్లాస్టిక్ మీదైనా చెక్క మీదైనా. అసలు చిక్కు నూనె మరకతో. ఏ పూతా లేని సెడార్ మీద ఆవకాయ నూనె పడితే లోపలికి ఇంకుతుంది, ఆ నీడ ఉండిపోతుంది. ముందే బయట వాడే నూనె స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు పూత) పూస్తే ఇంకడం బాగా తగ్గుతుంది. వార్నిష్ లాగా పైన పొర కట్టేవి ఆరుబయట బల్లకి వద్దు, రెండేళ్లకి పొలుసులుగా లేస్తుంది. నూనె పూసిన గుడ్డల్ని ఉండలు చుట్టి గ్యారేజీలో పడేయకండి. లిన్సీడ్ లాంటి ఆరే నూనెలున్న గుడ్డలు వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. బయట నేల మీద పరిచి, పూర్తిగా ఆరాకే పారేయండి.

ట్రీటెడ్ చెక్కకైతే తేగానే స్టెయిన్ వేయొద్దు. నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి. పైనే నిలబడితే ఇంకా తడి ఆరలేదని, ఇంకితే సిద్ధంగా ఉందని అర్థం.

బిగించే రోజు

ఒక మధ్యాహ్నం పని. ఇద్దరుంటే మంచిది. అన్ని బోల్టులూ ముందు వదులుగా ఎక్కించి, సీటు ఎదురెదురు మూలల మధ్య ఐమూలగా రెండు కొలతలు తీసుకోండి. రెండూ సమానమైతే చట్రం మూలమట్టంగా ఉన్నట్టు. అప్పుడే గట్టిగా బిగించండి. ఒక్కో బోల్టునీ ముందే బిగించుకుంటూ పోతే చివరిది రంధ్రంలోకి వెళ్లదు. పలక చివర్లలో స్క్రూ వేసే ముందు సన్నటి రంధ్రం వేయాలి, సెడార్ చివర్లు ఇట్టే చీలతాయి. పొడి సెడార్ పలకల మధ్య పావు అంగుళం ఖాళీ వదలండి, నీళ్లు నిలవకుండా. తడి ట్రీటెడ్ పైన్ అయితే ఆనించి వేసినా పర్వాలేదు, ఎండాక దానంతటదే ఖాళీ ఇస్తుంది. నెల తర్వాత ఇంకోసారి అన్నీ బిగించండి. చెక్క ఎండి సన్నబడేసరికి బోల్టులు వదులవుతాయి.

జతని కలిపి బల్లగా వాడేవాళ్లకి చదునైన కాంక్రీటు కావాలి. ఇక్కడి బంకమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. గడ్డి మీద రెండు బల్లల ఎత్తు ఎప్పుడూ ఒకటిగా ఉండదు, మధ్యలో పెట్టిన గిన్నె ఒరుగుతుంది. గడ్డి తప్ప చోటు లేకపోతే ఒక్కో కాలి కింద ఒక అడుగు పేవర్ రాయి (నేల మీద పరిచే పలక రాయి) వేసి, లెవెల్ చూసుకోండి.

మా బెంచీల ఫొటోలు చూసి విజయవాడలో మా తమ్ముడు "అక్కా, ఆ బ్రాకెట్లు సూట్‌కేసులో పెట్టుకు రాగలవా?" అని అడిగాడు. తేవచ్చు. అయితే అక్కడ అడితిలో టూ బై ఫోర్ అంటే ఈ కొలతే ఇస్తారని అనుకోకూడదు. కలప సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) లెక్కన కొని కోయించుకోవాలి. చిత్రిక పట్టాక 38 మిల్లీమీటర్ల మందం, 89 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేలా వడ్రంగికి చెప్పమన్నాను. అంతకంటే లావైతే బ్రాకెట్‌లో దూరదు, సన్నమైతే లోపల ఊగుతుంది. తమ్ముడు వాడబోయేది టేకు కాబట్టి మా సెడార్ కంటే బరువు ఎక్కువే ఉంటుంది. నాలుగున్నర అడుగులకి మించొద్దని, స్క్రూలు స్టెయిన్‌లెస్సే కొనమని చెప్పాను.